హెయిర్ ఆల్గే మళ్లీ మళ్లీ ఎందుకొస్తోంది: టెస్టులో సున్నా, రాయిలో నిల్వ

మీరు రాసినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను, చదివే మిగతావాళ్లకి కూడా అర్థమవుతుంది. హైదరాబాద్‌లో నాలుగడుగుల రీఫ్ ట్యాంకు (పగడాలు పెంచే ఉప్పునీటి ఆక్వేరియం), సంప్‌తో (ఫిల్టర్ సామాను ఉండే రెండో తొట్టి) కలిపి దాదాపు 300 లీటర్ల నీళ్లు. డ్రై రాక్‌తో, అంటే ప్రాణులు లేని ఎండు రాయితో, మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది. రెండు క్లౌన్ ఫిష్‌లు, ఒక రాయల్ గ్రామా, ఒక కోల్ ట్యాంగ్, పగడాల్లో జోవాంతిడ్లు, ఒక హ్యామర్, కొన్ని మాంటిపోరా. రాళ్ల పైభాగమంతా ఆకుపచ్చటి హెయిర్ ఆల్గే, అంటే వెంట్రుకల్లాంటి నాచు. మూడు రోజులు లైట్లు ఆపేశారు, తగ్గింది, మళ్లీ వచ్చింది. రాళ్లను ట్యాంకులో ఉంచే బ్రష్‌తో తోమారు, మళ్లీ వచ్చింది. జీఎఫ్‌ఓ (ఫాస్ఫేట్‌ను పట్టేసే ఐరన్ ఆక్సైడ్ గుళికలు) రియాక్టర్ పెట్టారు, మాంటిపోరా పాలిపోయింది గానీ ఆల్గే పోలేదు. ఆల్గేకి ఎరువులైన నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ సున్నా అని టెస్టు చెబుతోంది. వారం వారం 30 లీటర్లు మారుస్తున్నారు. విసుగొచ్చి, రాళ్లన్నీ తీసి యాసిడ్‌లో వేసి మొదటినుంచి మొదలుపెట్టమంటారా అని అడిగారు.

వద్దండీ. యాసిడ్ రాతి పైపొరను కరిగించి అందులో పట్టి ఉన్న ఫాస్ఫేట్‌ను కొంత తీసేస్తుంది, ఆ మాట నిజమే. కానీ ఏడాదిన్నరగా ఆ రాయిలో కుదురుకున్న బ్యాక్టీరియా, పురుగులు, కోపెపాడ్లనే చిన్న రొయ్యల్లాంటి జీవులు, అక్కడక్కడ మొదలైన గులాబి రంగు కొరలైన్ (రాయిలా గట్టిగా ఉండే నాచు) పూత, అన్నీ ఒక్క పూటలో పోతాయి. అలా ఖాళీ అయిన తెల్లటి రాయి మీద మొదట డయాటమ్‌లు (గోధుమ రంగు పొర) దిగుతాయి, తర్వాత సయనో (జారుడు పొరలా పరుచుకునే బ్యాక్టీరియా) వస్తుంది, ఆ తర్వాత మళ్లీ ఈ హెయిర్ ఆల్గేయే. ఏడాదిన్నర పాటు పడ్డ పాటు మళ్లీ పడాలి. మీ ట్యాంకు చెడిపోలేదు. మీరిచ్చిన అంకెల్లోనే దాని జబ్బు కనిపిస్తోంది, నయమయ్యే జబ్బే.

అన్నిటికంటే ముందు అది నిజంగా హెయిర్ ఆల్గేయేనా అని తేల్చుకోండి. నీలం లైటు కింద తీసిన ఫోటోలో నాలుగైదు రకాలు ఒకేలా ఉంటాయి. చిన్న పోగు ఒకటి పీకి, తెల్ల ప్లేటులో ట్యాంకు నీళ్లు పోసి అందులో వేసి, మామూలు తెల్ల బల్బు కింద భూతద్దంతో చూడండి. పోగులు సన్నగా, మెత్తగా, కొమ్మలు పెద్దగా లేకుండా ఉండి, నీళ్లలోంచి ఎత్తగానే ఆకారం పోయి ముద్దయితే అది మామూలు హెయిర్ ఆల్గే, చాలావరకు డెర్బీసియా జాతి. ఒక్కో పోగుకీ రెండు పక్కలా వరసగా చిన్న చిన్న రెమ్మలుండి ఈక ఆకారం కనిపిస్తే అది బ్రయాప్సిస్. దాని వైద్యం వేరు, కింద చెబుతాను. వేళ్ల మధ్య నలిపితే గరుగ్గా, తెంపితే టప్పున తెగితే క్లాడోఫోరా కావచ్చు. పొర మొత్తం షీటులా లేచి వచ్చి వేళ్ల మధ్య జారిపోతే అది ఆల్గే కాదు, సయనోబ్యాక్టీరియా. గోధుమ రంగులో, చివర్న గాలి బుడగలతో, చీమిడిలా తీగలు సాగుతూ, లైట్లు ఆపిన కాసేపటికి తగ్గిపోయి పొద్దున్నకి శుభ్రంగా కనిపిస్తే డైనోఫ్లాజెల్లేట్లని అనుమానించాలి. దానికో తేలిక పరీక్ష ఉంది. కొంచెం తీసి చిన్న సీసాలో నీళ్లతో గట్టిగా కుదపండి, కాఫీ ఫిల్టర్ కాగితంలో వడకట్టండి, దిగిన నీళ్లను లైటు కింద ఒక గంట ఉంచండి. మళ్లీ తీగలుగా కూడితే డైనోలే. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నా చేసుకున్న ట్యాంకుల్లోనే అవి ఎక్కువగా వస్తాయి. మీరు ఇప్పుడు ఆ అంచు మీదే ఉన్నారు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మీ వర్ణనను బట్టి అది డెర్బీసియా రకమే అనుకుని మిగతాది రాస్తున్నాను.

టెస్టులో సున్నా వచ్చి కళ్లముందు ఆల్గే పెరుగుతుంటే ఆ సున్నాకి అర్థం ఎరువు లేదని కాదు. వచ్చింది వచ్చినట్టు ఆల్గే తినేస్తోందని అర్థం. నీళ్లలో మిగిలినదాన్నే టెస్టు కొలుస్తుంది. దానికితోడు రంగు కార్డుతో పోల్చి చూసే కిట్లు ఫాస్ఫేట్‌ను కింది స్థాయిలో సరిగ్గా పట్టలేవు. హానా చెకర్ అనే చిన్న డిజిటల్ మీటర్‌లో అల్ట్రా లో రేంజ్ ఫాస్ఫరస్ మోడల్ కొనుక్కోండి. అది పార్ట్స్ పర్ బిలియన్‌లో ఫాస్ఫరస్‌ను చూపిస్తుంది, వచ్చిన అంకెను 3.066తో గుణించి 1000తో భాగిస్తే ఫాస్ఫేట్ పీపీఎం (పది లక్షల్లో ఎన్ని వంతులు) వస్తుంది. అంటే అది 10 చూపిస్తే మీ ఫాస్ఫేట్ 0.03. దాని గాజు సీసా మీద వేలిముద్ర ఉన్నా, లోపల చిన్న గాలి బుడగ అంటుకున్నా అంకె మారిపోతుంది, కాబట్టి ప్రతిసారీ మెత్తటి గుడ్డతో తుడిచి పెట్టండి. నైట్రేట్‌కి సాలిఫెర్ట్ కిట్ చాలు. తక్కువ స్థాయి ఉన్నప్పుడు సీసాను పైనుంచి కాకుండా పక్కనుంచి చూసి, వచ్చిన అంకెను పదితో భాగించాలి. ఆ సంగతి తెలియక చాలామంది సున్నా అని రాసుకుంటారు.

ఇప్పుడు అసలు లెక్కకి వద్దాం. ఆక్వేరియం గుళికల్లో, ఫ్లేక్స్‌లో ఫాస్ఫరస్ సుమారు ఒక శాతం ఉంటుంది. ఒక గ్రాము గుళికలు వేస్తే 10 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్, అంటే 30 మిల్లీగ్రాముల ఫాస్ఫేట్ ట్యాంకులోకి వెళ్లింది. మీ 300 లీటర్లలో అది 0.1 పీపీఎం. ఒక్క గ్రాముకి! మీరు వారానికోసారి మార్చే 30 లీటర్ల సంగతి చూడండి. నీళ్లలో ఫాస్ఫేట్ 0.1 ఉన్నా సరే, ఆ 30 లీటర్లతో బయటికి పోయేది 3 మిల్లీగ్రాములే. రోజుకో గ్రాము వేస్తే రోజూ 30 లోపలికి, వారానికి 3 బయటికి. వాటర్ చేంజ్ వల్ల లాభాలు చాలా ఉన్నాయి గానీ ఫాస్ఫేట్ తీయడం అందులో లేదు. ఎక్కువ నీళ్లు మార్చమని చెప్పేవాళ్లకు ఈ లెక్క చూపించండి.

చేపలు పెరగడానికి కొంత, కోరల్స్‌కి కొంత, స్కిమ్మర్ (నురుగుతో మురికి తీసే యంత్రం) లాగే మురికిలో కొంత పోగా మిగిలింది ఎక్కడికి వెళ్తుంది? రాయిలోకి, ఇసుకలోకి. రెండూ కాల్షియం కార్బొనేటే. నీళ్లలో ఫాస్ఫేట్ ఎక్కువైనప్పుడు అది వాటి ఉపరితలాన్ని పట్టుకుంటుంది, నీళ్లలో తగ్గినప్పుడు వదులుతుంది. మొదటి ఏడాది ట్యాంకు బాగా నడుస్తోందని మీరు అనుకున్న రోజుల్లో రాయి ఫాస్ఫేట్‌ను పీల్చుకుంటూ కూర్చుంది. జీఎఫ్‌ఓ పెట్టి నీళ్లను సున్నాకి దించగానే నిల్వ ఉన్నది బయటికి రావడం మొదలైంది. ఆల్గే వేళ్లు ఆ రాతి మీదే ఉన్నాయి కదా, బయటికొచ్చిన ఫాస్ఫేట్ నీళ్లలో కలిసేలోపే దానికి అందుతోంది. నీళ్లలోంచి వెతుక్కోవాల్సిన మాంటిపోరాకి మాత్రం ఏమీ మిగల్లేదు. మీ మాంటిపోరా పాలిపోయి ఆల్గే పచ్చగా ఉండటానికి కారణం ఇదే. డ్రై రాక్‌కి ఇంకో చిక్కుంది. ఒకప్పుడు దాని మీద బతికి చచ్చి ఎండిపోయిన జీవుల అవశేషాలు అందులోనే ఉండిపోతాయి, అవి కుళ్లి కరిగేదాకా కూడా ఎరువు వస్తూనే ఉంటుంది.

కాబట్టి చేయాల్సింది ఆల్గేని చంపడం కాదు, ఆల్గేగా మారిన ఎరువును ట్యాంకులోంచి బయటికి మోయడం. వరి చేలో కలుపు పీకి చేలోనే పారేస్తే మళ్లీ వేరు పట్టేస్తుందని తెలిసే కదా గట్టు మీద వేస్తారు. మీరు లైట్లు ఆపినప్పుడు చచ్చిన ఆల్గే తన ఒంట్లో ఉన్నదంతా నీళ్లలోకే వదిలింది. ట్యాంకులో బ్రష్‌తో తోమినప్పుడు తెగిన ముక్కలు నీళ్లంతా తిరిగి వేరే రాళ్ల మీద కుదురుకున్నాయి. రెండుసార్లూ ఎరువు ఇంట్లోనే ఉంది.

పీకడం ఇలా చేయండి. మూడో నాలుగో రాళ్లు విడిగా వచ్చేవి ఉంటాయి కదా, వాటర్ చేంజ్ రోజున వాటిని ఒక్కొక్కటిగా తీసి, పారబోయబోయే ట్యాంకు నీళ్లు పోసిన బకెట్‌లో ముంచి అక్కడ పీకండి. వేళ్లతో పీకలేనిది పాత టూత్‌బ్రష్‌తో తోమండి, అదే నీళ్లలో ఒకసారి జాడించి ట్యాంకులో పెట్టేయండి. బకెట్ నీళ్లు ఎంత పచ్చగా అయ్యాయో చూస్తే మీకే తెలుస్తుంది ఎంత బయటికి పోయిందో. కదపలేని పెద్ద రాళ్లకి సైఫన్ ట్యూబ్ చివర్న టూత్‌బ్రష్‌ను రబ్బరు బ్యాండుతో కట్టండి. తోముతుంటే తెగిన ముక్క అక్కడికక్కడే ట్యూబులోకి పోవాలి. ట్యూబు రెండో చివర సంప్‌లో ఫిల్టర్ సాక్ లోపల పెడితే నీళ్లు తిరిగి ట్యాంకుకే వస్తాయి, పని అయ్యాక సాక్ తీసి ఉతికేయండి. అలా చేస్తే గంటసేపు తోమినా నీళ్లు వృథా కావు. ఒకేసారి ట్యాంకంతా తోమకండి. వారానికి మూడో వంతు రాళ్లు చాలు. అన్నీ ఒకేసారి తోమితే పురుగులు, కోపెపాడ్లు దాక్కునే చోటు కూడా పోతుంది.

పీకిన వారంలోపే మేసేవాటిని దించాలి. ఈ ఒక్కటీ మీరు ఇంతవరకు చేయలేదు, నా అభిప్రాయంలో పదింట ఆరు పాళ్లు సమస్య ఇక్కడే ఉంది. ట్యాంగ్ ఉందిగా అంటారేమో. కోల్ ట్యాంగ్ పళ్లు దువ్వెన పళ్లలా సన్నగా ఉండి రాతి మీది పలుచటి పొరను, మడ్డిని గీకడానికి పనికొస్తాయి, పొడుగ్గా పెరిగిన పోగుల్ని తెంపడానికి కాదు. ట్రోకస్ నత్తలు ఒక పదిహేను తెచ్చుకోండి. ఆస్ట్రియా నత్తలు కూడా బాగానే మేస్తాయి గానీ ఇసుకలో వెల్లకిలా పడితే తిరగబడలేక చచ్చిపోతాయి, ట్రోకస్ తనంతట తనే లేస్తుంది. వాటితోపాటు ఒక టక్సీడో సీ అర్చిన్. అది నడిచిన దారి రాతి మీద శుభ్రంగా చారలా కనిపిస్తుంది. వదులుగా పెట్టిన కోరల్ ముక్కల్ని ఒంటి మీద మోసుకుపోతుంది కాబట్టి ముందే అన్నీ జిగురుతో అతికించండి. నత్తల్ని, అర్చిన్‌ను నీళ్లలో వదిలే ముందు కనీసం గంట పైగా చుక్కలు చుక్కలుగా మీ నీళ్లకి అలవాటు చేయండి. ఉప్పుశాతంలో చిన్న తేడా వచ్చినా వాటికి ప్రాణం మీదికొస్తుంది. తెచ్చిన నాలుగు రోజులకే నత్తలు పోయాయంటే చాలాసార్లు కారణం ఇదే. పొడుగ్గా పెరిగిన ఆల్గేని ఇవేవీ ముట్టవు. పీకి పొట్టి చేస్తేనే మేస్తాయి, అందుకే ఆ వరస.

మేసేవాళ్లు ఎంత ముఖ్యమో తెలియాలంటే సముద్రంలోనే జరిగిన ఒక సంగతి చెప్పాలి. కరీబియన్ రీఫ్‌ల మీద డయడెమా ఆంటిల్లారమ్ అని పొడవాటి నల్ల ముళ్ల అర్చిన్ లెక్కలేనన్ని ఉండేవి. 1983లో పనామా కాలువ కరీబియన్ వైపు ముఖం దగ్గర ఏదో జబ్బుతో చావడం మొదలైంది. ఇంచుమించు ఏడాదిలో ఆ సముద్రమంతా పాకి, చాలాచోట్ల 90 శాతానికి మించి పోయాయి. జమైకా తీరంలో అప్పటికే వేట ఎక్కువై నాచు మేసే చేపలు కరువయ్యాయి, 1980లో అలెన్ తుపాను పగడాలను విరగ్గొట్టి పోయింది. మేసేది అర్చిన్ ఒక్కటే మిగిలిన చోట అదీ పోయింది. 1970ల చివర్లో రీఫ్‌లో సగానికి పైగా కప్పి ఉన్న పగడాలు 1990ల మొదటికి 5 శాతం లోపుకి పడిపోయాయి, వాటి స్థానంలో నాచు కమ్మేసింది. నీళ్లలో ఎరువు పాత్ర ఎంత అన్నదాని మీద శాస్త్రవేత్తల మధ్య వాదనలున్నాయి, మేసే జీవి పోవడం దెబ్బ కొట్టిందన్న విషయంలో లేవు. అంత సముద్రమే తట్టుకోలేనిది 300 లీటర్ల గాజు పెట్టె ఎలా తట్టుకుంటుంది?

ఇక నీళ్లు. మీరు ఇంట్లో తాగే ఆర్‌ఓ ప్యూరిఫయర్ నీళ్లే టాప్ అప్‌కి వాడుతున్నానన్నారు. దాని మూత తీసి చూడండి. మన దగ్గర అమ్మే చాలా ప్యూరిఫయర్లలో టీడీఎస్ కంట్రోలర్ అని చిన్న స్క్రూ ఉంటుంది. రుచి కోసం మెంబ్రేన్ దాటని నీళ్లను కొంత కొంత శుద్ధి అయిన నీళ్లలో అది కలుపుతుంది. కొన్నిట్లో మినరల్ కార్ట్రిడ్జ్ కూడా ఉంటుంది. తాగడానికి మంచిదే, రీఫ్‌కి కాదు. ఆ నీళ్లలో టీడీఎస్ మీటర్ ముంచితే 60, 80, ఒక్కోసారి 100 పైగా చూపిస్తుంది. రోజూ ఆవిరైన నీళ్ల స్థానంలో ఇదే పోస్తుంటే అందులోని ప్రతిదీ ట్యాంకులో పేరుకుంటూనే ఉంటుంది, ఎందుకంటే ఆవిరయ్యేది నీళ్లొక్కటే. మీ అపార్ట్‌మెంటుకి బోరు నీళ్లు కూడా కలుస్తాయంటే ఇంకా జాగ్రత్త. తెలంగాణలో చాలా చోట్ల భూగర్భ జలాల్లో నైట్రేట్ ఎక్కువ. మెంబ్రేన్ మిగతా లవణాలను ఆపినంత బాగా నైట్రేట్‌ను ఆపలేదు.

ట్యాంకుకి విడిగా ఒక ఆర్‌ఓ, దాని తర్వాత మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్ పెట్టుకోండి. మెంబ్రేన్, హౌసింగ్‌లు మామూలు ఆర్‌ఓ స్పేర్ పార్టుల షాపుల్లోనే దొరుకుతాయి, రంగు మారే రెజిన్ ఆన్‌లైన్‌లో. బోరు నీళ్లు 800 టీడీఎస్ ఉంటే మెంబ్రేన్ దాటాక ఇంకా 30, 40 ఉంటుంది. రెజిన్ త్వరగా అయిపోతుంది కాబట్టి రెండు డీఐ క్యాన్‌లు వరసగా పెట్టి, మొదటిది రంగు మారగానే రెండోదాన్ని ముందుకు జరిపి కొత్తది వెనక పెట్టండి. మెషిన్ ఆన్ చేసిన మొదటి ఐదు నిమిషాల నీళ్లు డీఐలోకి పోనివ్వకండి. ఆగి ఉన్న సమయంలో ఉప్పు మెంబ్రేన్‌కి అవతలి పక్కకి దిగి ఉంటుంది. ఇంకొక్క మాట, మీటర్ సున్నా చూపించినా సిలికేట్ దాటి రావచ్చు, రెజిన్ అయిపోయేటప్పుడు ముందు వదిలేది దాన్నే. గాజు మీద గోధుమ రంగు పొర రోజు మార్చి రోజు వస్తోందంటే రెజిన్ మార్చండి.

జీఎఫ్‌ఓ సంగతి. ఇవాళే పూర్తిగా తీసేయొద్దు, సగం తీయండి, పది రోజుల తర్వాత మిగతా సగం. మీ లక్ష్యం ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మధ్య, నైట్రేట్ 3 నుంచి 5 పీపీఎం దరిదాపు. అంకె కచ్చితంగా ఇంతే ఉండాలని పట్టుపట్టకండి, ఊగిసలాడకుండా ఉండటం దానికంటే ముఖ్యం. మీ ట్యాంకులో ఇప్పుడు నైట్రేట్ నిజంగానే సున్నా అయితే దాన్ని కొద్దిగా పెంచాలి. ఆల్గే ఉన్న ట్యాంకులో ఎరువు వేయమంటున్నాడేంటి అనిపిస్తుంది, తెలుసు. ఫాస్ఫేట్ రాయిలోంచి వస్తూనే ఉంది. దాన్ని వాడుకోవాల్సిన బ్యాక్టీరియాకి, కోరల్స్‌కి, కొరలైన్‌కి నైట్రోజన్ లేకపోతే చేతులు కట్టేసినట్టే. రాతిమీదే కూర్చున్న హెయిర్ ఆల్గే ఎలాగో నెట్టుకొస్తుంది, మిగతావి ఆగిపోతాయి. పొటాషియం నైట్రేట్ ఒక గ్రాము 300 లీటర్లలో 2 పీపీఎం నైట్రేట్ ఇస్తుంది. రైతులు 13-0-45 అని పిలిచేది కూడా ఇదే, అయితే ఎరువుల షాపు సరుకు వద్దు, ల్యాబ్ కెమికల్స్ అమ్మేచోట శుద్ధమైనది తీసుకోండి. రోజుకి పావు గ్రాము వేస్తూ టెస్టు చేస్తూ ఉండండి. నైట్రేట్ 3 పీపీఎంకి చేరి నిలబడగానే ఆపేయండి.

వచ్చే ఎరువును పట్టుకోవడానికి రాతి మీద కాకుండా వేరే చోట ఆల్గే పెంచడం చాలా మంచి పద్ధతి. సంప్‌లో చోటుంటే కీటోమార్ఫా అనే ఉండలా పెరిగే నాచును వేసి, రాత్రిపూట దానికి లైటు పెట్టండి. పైన లైట్లు ఆగినప్పుడు పడిపోయే పీహెచ్ కూడా అలా కొంత నిలబడుతుంది. ఉండ రెట్టింపు అయ్యాక సగం తీసి పారేయండి. కీటో దొరక్కపోతే టర్ఫ్ స్క్రబ్బర్ చేసుకోవచ్చు. వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్‌లో పనిచేసిన వాల్టర్ ఆడే దీన్ని తయారుచేశారు. గరుకు ప్లాస్టిక్ జాలీ మీదనుంచి పలుచగా నీళ్లు జారుతుంటాయి, పక్కనే ఎర్ర లైటు. జాలీ వెడల్పులో ప్రతి సెంటీమీటరుకి గంటకి దాదాపు 50 లీటర్లు జారాలి. వారానికోసారి జాలీని వాష్‌బేసిన్ దగ్గరికి తీసుకెళ్లి మంచినీళ్ల కింద గీకేయాలి. గీకి పారేసిన ప్రతి ముద్దా మీ రాతి మీద పెరగాల్సిన ఆల్గేయే.

మేత తగ్గించమని అందరూ చెబుతారు. నేను తగ్గించమనను, తూచమంటాను. బంగారం తూచే చిన్న జేబు త్రాసు ఒకటి కొని, మీరు రోజూ వేసే చిటికెడు ఎంతో ఒకసారి తూచండి. ఫ్రోజెన్ మైసిస్ (చిన్న రొయ్యల మేత) అయితే గిన్నెలో కరిగించి సన్నటి జల్లెడలో వంపి ఆ నీళ్లు పారేయండి. చేపల్ని పస్తు పెట్టడం దేనికీ పరిష్కారం కాదు. ట్యాంగ్ పొట్ట లోపలికి పోయిందంటే ముందు దానికి నోరి (ఎండబెట్టిన సముద్రపు నాచు) షీటు పెట్టండి.

లైట్ల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. తెలుపు, ఎరుపు ఛానెళ్లు తగ్గించి, మొత్తం 9 గంటలకి కుదించండి, కిటికీ ఎండ ట్యాంకు మీద పడకుండా చూడండి. దీంతో ఆల్గే పెరిగే వేగం తగ్గుతుంది, అంతకంటే ఆశించకండి.

ప్రవాహం చూడండి. వేవ్‌మేకర్ (నీళ్లను కదిలించే పంపు) ఆపి ఇంజెక్షన్ సిరంజి లాంటిదానితో రాళ్ల సందుల్లోకి నీళ్లు ఊదితే మడ్డి మేఘంలా లేస్తే అక్కడ నీళ్లు కదలడం లేదని అర్థం. వాటర్ చేంజ్ ముందు అలా ఊది, లేచిన మడ్డిని సైఫన్ చేయండి. సంప్ అడుగు కూడా. ఫిల్టర్ సాక్ మూడు రోజులకోసారి మార్చకపోతే అందులో పట్టిన చెత్త అక్కడే కుళ్లుతుంది.

పెరాక్సైడ్ వాడొచ్చా అని అడిగారు. బయటికి తీయగలిగిన రాయికి వాడొచ్చు. మన మెడికల్ షాపుల్లో దొరికేది సాధారణంగా 6 శాతం, దాన్ని సమానంగా డీఐ నీళ్లు కలిపి 3 శాతం చేసుకోండి. పీకగా మిగిలిన వేళ్ల మీద బ్రష్‌తో పూసి, కోరల్స్‌కి తగలకుండా రెండు మూడు నిమిషాలు ఉంచి, ఉప్పునీళ్లలో జాడించి పెట్టండి. తెల్లగా బుడగలొస్తాయి, రెండు రోజుల్లో ఆ చోటు పాలిపోతుంది, నత్తలు వెంటనే అక్కడికి చేరతాయి. ట్యాంకు నీళ్లలో మాత్రం పోయకండి, క్లీనర్ రొయ్యల్లాంటివి ఉంటే తట్టుకోలేవు.

ఇక ఫ్లూకోనజోల్ అనే ఫంగస్ మందు. ప్లేటులో ఈక ఆకారం కనిపించి అది బ్రయాప్సిస్ అని తేలితే దీన్ని మించిన మందు లేదు. లీటరుకి 5 మిల్లీగ్రాముల లెక్కన మీ ట్యాంకుకి 1500 మిల్లీగ్రాములు, అంటే 150 మిల్లీగ్రాముల మాత్రలు పది. ఇది డాక్టరు చీటీ మీద ఇచ్చే మందు. వేసే ముందు కార్బన్, జీఎఫ్‌ఓ తీసేయాలి, స్కిమ్మర్ కప్పు తీసి గాలి మాత్రం ఆడనివ్వాలి, రెండు వారాలు ఆగాలి, ఆ తర్వాత పెద్ద వాటర్ చేంజ్ చేసి కార్బన్ పెట్టాలి. మామూలు హెయిర్ ఆల్గే కూడా దీనితో చాలాసార్లు పోతుంది. కానీ మీ పరిస్థితిలో వేయమనను. చచ్చిన ఆల్గే అంతా ఒక్కసారిగా నీళ్లలో కరుగుతుంది, రాయిలో నిల్వ అలాగే ఉంటుంది, మేసేవాళ్లు లేరు. రెండు నెలలకి మళ్లీ ఇదే ప్రశ్న అడుగుతారు, ఈసారి డైనోలతో కలిపి.

బాగా కుదిరిన ట్యాంకున్న స్నేహితుడెవరైనా ఉంటే ఒక గ్లాసు ఇసుక, అరచేతిలో పట్టేంత రాయి అడిగి తెచ్చుకోండి. డ్రై రాక్ ట్యాంకుల్లో ఉండని పురుగులు, పాడ్లు, కొరలైన్ విత్తనం వాటితో వస్తాయి. తెచ్చే ముందు అతని ట్యాంకులో బ్రయాప్సిస్ గానీ, ఐప్టేషియా అనే బెడద ఎనిమోన్ గానీ లేవని చూసుకోండి. రామేశ్వరం వైపునుంచి వచ్చిందంటూ ఎవరైనా లైవ్ రాక్ (జీవులున్న సముద్రపు రాయి) గానీ కోరల్ గానీ అమ్మజూపితే ముట్టుకోకండి. మన సముద్రపు రాతి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, పైగా మన్నార్ సింధుశాఖలో ఆ రీఫ్‌లు ఇప్పటికే ఎంతో నష్టపోయాయి. మన అభిరుచి కోసం ఇంకో రాయి అక్కడినుంచి కదలకూడదు.

ఎన్నాళ్లు పడుతుందంటే, రెండు మూడు నెలలు. మొదటి మూడు వారాలు ఏమీ మారనట్టే ఉంటుంది. పీకిన చోట మళ్లీ వస్తుంది, కాకపోతే పొట్టిగా, పలుచగా. నాలుగైదు వారాలకి ఫాస్ఫేట్ 0.1 దాటి పైకి ఎగబాకవచ్చు. అప్పుడు కంగారుపడకండి, తినే ఆల్గే తగ్గింది కాబట్టి రాయిలోంచి వచ్చేది నీళ్లలో కనపడుతోంది. 0.15 దాటితే అప్పుడు జీఎఫ్‌ఓని ఒక్క చెంచా పెట్టి, వారానికోసారి కొలుస్తూ నెమ్మదిగా దించండి. ఆ వారాల్లో ఆల్కలినిటీ 8 డీకేహెచ్ దగ్గర, కాల్షియం 420, మెగ్నీషియం 1300 పీపీఎం దగ్గర కదలకుండా ఉంచండి. ఆల్గే ఖాళీ చేసిన చోటును కొరలైన్ పట్టుకోవాలంటే అది అవసరం. గులాబి మచ్చలు కలవడం మొదలైన రాతి మీద హెయిర్ ఆల్గే మళ్లీ పట్టు దొరకక జారిపోతుంది. మీ మాంటిపోరా రంగు దానికంటే ముందే, బహుశా నెలలోపే తిరుగుతుంది.

ఏప్రిల్, మే నెలల్లో చిల్లర్ 26 డిగ్రీల దగ్గర నిలబడుతోందో లేదో, కరెంటు పోయినప్పుడు వేవ్‌మేకర్ ఇన్వర్టర్ మీద నడుస్తుందో లేదో కూడా చూసుకోండి. వేసవిలో ఒక్క రాత్రి ఆక్సిజన్ పడిపోతే రాయిలోని పురుగులన్నీ చచ్చి ఈ మూడు నెలల పనీ వెనక్కి పోతుంది.

ఈ వారం మూడు పనులు చేయండి. ప్లేటులో పోగు వేసి తెల్ల లైటు కింద దగ్గరగా ఫోటో తీయండి. ప్యూరిఫయర్ నీళ్ల టీడీఎస్ కొలవండి. రోజూ వేసే మేత తూచండి. ఆ మూడూ నాకు చెబితే నత్తలు ఎన్ని కావాలో, జీఎఫ్‌ఓ ఎంత ఉంచాలో మీ ట్యాంకుకి సరిపోయేలా లెక్క కట్టి చెబుతాను. అప్పటిదాకా రాళ్లు ట్యాంకులోనే ఉండనివ్వండి.